వెనెజులా ముడి చమురు గారికి ఒక విన్నపం

మహాలక్ష్మీ సమానురాలైన చమురమ్మ గారికి,

నమస్కారాలు. చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ పుట్టుకకు కారకుల్లో ఒకరైన మీ దేశపు మాజీ మంత్రి పెరెజ్ అల్ఫోన్సో తమరిని ‘దెయ్యం పెంట’ అన్నాడట. సొంతింటివాడే అంత మాటంటే ఎవరికైనా బాధే. తమరు పాలకులకు చేసే ఉపకారం ఆయనకు కనబడలేదు పాపం.

పన్ను కట్టేవాడు లెక్క అడుగుతాడు. తమరుంటే ఆ టెన్షన్ లేదు. జనం దగ్గర వసూలు చేసే పనిలేదు కనుక జవాబు చెప్పే పనీ లేదు, పంచితే చాలు. అత్త సొమ్ము అల్లుడు దానం. 1998లో ఊగో చావెజ్ అధ్యక్షుడిగా గెలిచేనాటికి పీపా ధర 10 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. 2008 జూలైలో ప్రపంచ మార్కెట్లో 147ను తాకింది. పేదల వాడలకు డాక్టర్లొచ్చారు, చవక సరుకులొచ్చాయి. అబద్ధమెందుకు, అవి నిజంగానే అందాయి. అంతకుముందు రెండు పాత పార్టీలు తమరిని వంతులేసుకుని తిన్నప్పుడు ఆ వాడలకు దక్కింది తక్కువే.

ఆ చప్పట్ల మోతలో మిగతా పనులు చకచకా అయిపోయాయి. 2002లో చావెజ్ తన ఆదివారం టీవీ షోలో ఈల ఊది మరీ తమరిని తవ్వితీసే సర్కారు కంపెనీ అధికారులను పేరుపేరునా పీకేశారు. తర్వాత సమ్మె చేసినందుకు ఇంకో 18,000 మంది దాకా పోయారు. చమురు తీయడం తెలిసినవాళ్లు పోయి, జై కొట్టడం తెలిసినవాళ్లు వచ్చారు. 2004లో సుప్రీంకోర్టు కుర్చీలు 20 నుంచి 32 అయ్యాయి. అధ్యక్షుణ్ణి దింపాలని సంతకం పెట్టినవాళ్ల జాబితా బయటికొచ్చింది. అందులో పేరుంటే సర్కారు ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే. 2007లో సర్కారును విమర్శించే టీవీ చానెల్ ఆర్‌సీటీవీ లైసెన్సు పొడిగించలేదు. 2009లో ఎన్నిసార్లయినా పోటీ చేయొచ్చని రిఫరెండంలో జనం చేతే అనిపించుకున్నారు. 1992లో ఇదే చావెజ్ సైనికులతో తిరుగుబాటు చేసి జైలుకెళ్లారు. బ్యాలెట్ పెట్టెతో పని ఇంత సాఫీగా సాగుతుందని అప్పటికి తెలియదు కాబోలు.

2014లో తమరి ధర పడింది. పంచడానికి లేకపోయేసరికి చావెజ్ తర్వాత గద్దెనెక్కిన నికొలాస్ మదురోకు ఓట్లూ పడిపోయాయి. 2015లో ప్రతిపక్షం పార్లమెంటు గెలిస్తే, 2017లో కోర్టు దాని అధికారాలు లాక్కోబోయింది. గోల రేగాక కాస్త వెనక్కి తగ్గింది. అయితేనేం, ఆ ఏడే పార్లమెంటు నెత్తిన ఇంకో సభను కూర్చోబెట్టారు. 2020లో తమరి సొంతగడ్డ మీదే పెట్రోలుకు కటకటై ఇరాన్ నుంచి ఓడల్లో తెప్పించుకున్నారు. ‘ఎందుకిలా?’ అని నిలదీయాల్సిన కుర్చీలన్నిట్లోనూ అప్పటికే మనవాళ్లే.

ఇంతకీ నా విన్నపం. 2024 జూలై 28న మదురోయే గెలిచారని ఎన్నికల సంఘం ప్రకటించింది గానీ బూత్‌లవారీ లెక్కలు బయటపెట్టలేదు. ప్రతిపక్షం తన దగ్గరున్న బూత్ కాగితాలు చూపించి గెలుపు మాదే అంది. పాతాళంలో తమరు 30,000 కోట్ల పీపాలున్నారని లెక్కగట్టిన దేశం కదా, ఆ ఓట్ల కట్ట కూడా అక్కడెక్కడైనా తగిలితే కాస్త పైకి పంపించండి.

ఇట్లు,
లీటరు లీటరుకీ పన్ను కట్టే తమ విధేయుడు