స్లాబ్ రోజు వచ్చే ‘ఇంకో బకెట్’కు బహిరంగ లేఖ

శ్రీయుత ఇంకో బకెట్ నీళ్ల గారికి,

నమస్కారం. కాంక్రీటు కలిపే మిల్లర్ పక్కన, నీలం డ్రమ్ము చాటున, పాత పెయింట్ డబ్బాలో తమరు కొలువుంటారని తెలిసి రాస్తున్నాను. కాంక్రీటులో పడేవి నాలుగే సరుకులు: సిమెంటు, ఇసుక, కంకర, తమరు. మొదటి ముగ్గురికీ బిల్లుంది కాబట్టి కాపలా కూడా ఉంది. తమరికి బిల్లు లేదు. తమరి పవరంతా అక్కడే ఉంది.

సిమెంటునే చూడండి. ఇంటాయన బస్తాలు లెక్కపెట్టుకుంటాడు, సాయంత్రం ఖాళీ సంచులు కూడా లెక్కపెట్టుకుంటాడు, 43 గ్రేడా 53 గ్రేడా, ఓపీసీనా (మామూలు సిమెంటు) పీపీసీనా (బూడిద కలిపిన సిమెంటు) అని బావమరిదితో అర్ధరాత్రి దాకా ఫోన్లో వాదిస్తాడు. కంకర 20 ఎంఎం అని చెప్పి 40 తోలాడేమోనని రాయి చేత్తో పట్టుకుని మరీ చూస్తాడు. ఇక ఇసుక. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఉచితం అన్నారు, 2019లో కొత్త పాలసీ పెట్టి అమ్మారు, 2024లో మళ్లీ ఉచితం అన్నారు. తెలంగాణలోనేమో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. ఇసుక కోసం పార్టీలు తిట్టుకుంటాయి. తమరి మీద మాత్రం ఒక్క జీవో లేదు. మేస్త్రీ "ఇంకో బకెట్ పొయ్యరా" అంటాడు, తమరు దిగిపోతారు.

నిజానికి తమరికీ ఒక లెక్క రాసి పెట్టారు, పాపం. ఐఎస్ 456 అని మన దేశపు కోడ్ పుస్తకం ఉంది. ఇళ్లకు మామూలుగా వేసే ఎం20 కాంక్రీటులో 50 కిలోల బస్తాకి తమరు 30 లీటర్లు దాటకూడదని 2000 సంవత్సరం నాటి దాని ముద్రణలో ఉంది. 20 లీటర్ల పెయింట్ డబ్బాతో అయితే డబ్బాన్నర. సిమెంటు గట్టిపడేటప్పుడు రసాయనికంగా తనలో కలిపేసుకునేది తన బరువులో పావు వంతు కూడా ఉండదు, బస్తాకి 12 లీటర్ల లోపే. ఇంకొంత దాని జిగురులో ఇరుక్కుంటుంది. మిగతాదంతా మాల్, అంటే కలిపిన కాంక్రీటు, కదిలి ఊచల సందుల్లో దూరడానికి ఇచ్చే దారి ఖర్చు. సిమెంటుతో పోలిస్తే నీళ్లు ఎంత పెరిగితే బలం అంత పడిపోతుందని 1918లోనే షికాగోలో డఫ్ అబ్రామ్స్ అనే ఆయన వేలాది నమూనాలు నలగ్గొట్టి మరీ తేల్చాడు. వందేళ్లు దాటింది. ఆయన దగ్గర మన మేస్త్రీ ఫోన్ నంబర్ లేనట్టుంది.

పైగా తమరు డబ్బాలో కనబడేది సగం కథే. వానాకాలం ఇసుకలో ముందే దాక్కుని వస్తారు. ఇసుకలో 5 శాతం తడి ఉన్నా, బస్తాకి పడే 80 చిల్లర కిలోలతో పాటు 4 లీటర్లు చడీచప్పుడు లేకుండా మిల్లర్లోకి వెళ్లిపోతాయి, అవి ఎవరి లెక్కలోనూ పడవు. అదే తడికి ఇసుక 20 నుంచి 30 శాతం దాకా ఉబ్బుతుంది కూడా. ట్రాక్టర్ నిండుగా కనబడుతుంది, మనం గాలికి డబ్బులు కట్టి లోడు బాగా వచ్చిందని సంబరపడతాం. బాక్సుతో కొలిచి పోసినా ఇసుక తక్కువే పడుతుంది. ఇసుక వ్యాపారులు తమరికి ఏటా సన్మానం ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

మేస్త్రీని నేను పెద్దగా అనను. చదరపు అడుగుకింత అని ఒప్పుకున్న మనిషి, మే నెల ఎండలో, సాయంత్రానికి స్లాబ్ ముగించాలి. మాల్‌ని కుదిపి సర్దే వైబ్రేటర్ మధ్యాహ్నానికే మొరాయిస్తుంది, గట్టి మాల్ గమేళాలోంచి దిగదు, పారకి లొంగదు. తమరిని పోస్తే పులుసులా జారి దానంతటదే సర్దుకుంటుంది. వైబ్రేటర్ ఇంకోటి అద్దెకి తెమ్మంటేనో, నీళ్లు పెంచకుండా మాల్ జారేలా చేసే ప్లాస్టిసైజర్ డబ్బా కొనమంటేనో "అదంతా ఎందుకులే" అన్నది ఇంటాయనే. ఆయనే సాయంత్రం కూలీలకి మటన్ భోజనం పెట్టి, దాని ఖర్చు ఊరంతా చెప్పుకుంటాడు.

తర్వాత తమరి అసలు పని మొదలవుతుంది. కంకర అడుక్కి దిగుతుంది, సిమెంటు పాలు పైకి తేలతాయి. అద్దంలా నున్నగా ఉన్న స్లాబ్ చూసి చుట్టాలంతా మేస్త్రీని మెచ్చుకుంటారు. ఎండకి తమరు ఆవిరై వెళ్లిపోతారు, వెళ్తూ వెళ్తూ లోపల సన్నటి దారులు వదిలేసి పోతారు. రెండో మూడో వానాకాలానికి ఆ దారుల్లోంచే వాన రూపంలో తిరిగొచ్చి, ఊచకి తుప్పు పట్టించి, బెడ్‌రూం సీలింగ్ మీద మ్యాపు గీస్తారు. అప్పుడు వాటర్‌ప్రూఫింగ్ వాళ్లు వస్తారు. వాళ్ల దగ్గర బిల్లుంటుంది.

కోస్తాలో ఉప్పు బోరు నుంచి వచ్చే తమరి బంధువులైతే ఇంకా తొందరపాటు మనుషులు. ఊచ ఉన్న కాంక్రీటులో లీటరుకి 500 మిల్లీగ్రాముల క్లోరైడు దాటకూడదన్న నియమం వాళ్లు చదివినట్టు లేదు.

రెడీమిక్స్ వచ్చాక తమరి పని అయిపోతుందనుకున్నాం. ప్లాంటులో గ్రాముల లెక్కన కలిపిన సరుకు హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని బిగుసుకుపోతే, సైటు గేటు దగ్గర పైపు పట్టుకుని తమరే స్వాగతం చెబుతున్నారు. బలం పరీక్షకి ల్యాబ్‌కి పంపే 150 ఎంఎం కాంక్రీటు క్యూబుల్లోకి మాత్రం ఎంత ఉండాలో అంతే వెళ్తారు, గీత దాటరు. ఆ మర్యాద ఎవరు నేర్పారో గానీ, 28వ రోజు రిపోర్టు ఎప్పుడూ ఘనంగానే వస్తుంది.

నాకు అన్నిటికన్నా ఒళ్లు మండేది వేరే ఉంది. మాల్‌లో వద్దు మొర్రో అన్నా దిగే తమరు, వేసిన స్లాబ్‌ని తడిపే క్యూరింగ్‌కి రమ్మంటే కనబడరు. ఓపీసీకి కనీసం 7 రోజులు, పీపీసీకి 10, ఎండలు మండితే ఇంకా ఎక్కువ రోజులు స్లాబ్ తడిగా ఉండాలి. మూడో రోజుకే స్లాబ్ తెల్లబడిపోతుంది. మోటారు కాలిపోయిందని, ట్యాంకర్ రాలేదని, వాచ్‌మన్ ఊరెళ్లాడని కబుర్లు. పిల్లర్లకి చుట్టిన గోనె సంచులు ఎండి కరకరలాడుతుంటాయి. అడిగితే "పొద్దున కొట్టాం సార్" అంటారు.

సరే, ఆదివారం మా బాబాయి వాళ్ల స్లాబ్ ఉంది. డబ్బాకి పెయింట్‌తో గీత గీయించాం. ఇసుక తడిగా ఉంటే ఆ మేరకు తగ్గించే పని ఇంజనీరింగ్ చదివే మా చెల్లెలికి అప్పగించాం, వైబ్రేటర్లు రెండు చెప్పాం. గీత పైనుంచి తమరు ఒక్క చెంబు దిగినా మా పిన్ని ఊరుకోదు, ఆవిడ కుర్చీ మిల్లర్ పక్కనే వేయించుకుంది. సోమవారం పొద్దున మాత్రం స్లాబ్ మీద మడులు కట్టి పెడతాం. బకెట్లు కాదు, ట్యాంకర్ల కొద్దీ రండి, పది రోజులూ అక్కడే ఉండండి, అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇట్లు,
సీలింగ్‌కి మూడోసారి పుట్టీ పెట్టిస్తున్న ఒక ఇంటి ఓనరు