చక్రవడ్డీ అధ్యాయంలో చిక్కుకున్న బిల్లు

డబ్బు గురించి నాకు తెలిసింది ఒక్కటే: అది చేతిలో నిలవదు. ఎందుకు నిలవదో తెలుసుకుందామని, బ్యాంకులూ వడ్డీలూ మామూలు వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పే పుస్తకాలు ఆరు ఒకేసారి తెప్పించాను. క్రెడిట్ కార్డు మీదే.

ఆ పుస్తకాల్లో పద్దు రాయమన్నారు కాబట్టి వాటిని ‘ఆస్తులు’ కింద రాశాను. మా ఆవిడ కొట్టేసి ‘ఖర్చులు’ కింద రాసింది. ప్రతి లావాదేవీనీ రెండు చోట్ల రాసే పద్ధతిని లూకా పచోలీ అనే సన్యాసి 1494లోనే వెనిస్‌లో అచ్చేయించిన పుస్తకంలో వివరించాడట. ఆయన సన్యాసి కాబట్టి సరిపోయింది. సంసారి ఇంట్లో ఆ రెండు చోట్లూ ఎప్పటికీ కలవవు.

నాకు బాగా నచ్చింది 72 సూత్రం. 72ని ఏడాది చక్రవడ్డీ రేటుతో భాగిస్తే డబ్బు సుమారుగా ఎన్నేళ్ళకి రెట్టింపవుతుందో వస్తుంది. 6 శాతమైతే 12 ఏళ్ళు, 8 అయితే 9. వారం రోజులు ఎవరు కనిపించినా వదల్లేదు. ఆఖరికి మా ఆవిడే అడిగింది, “అప్పులకి కూడా పనిచేస్తుందా అండీ?”

“భేషుగ్గా!” అన్నాను.

చక్రవడ్డీ అధ్యాయంలో ఓ ముక్క ఉంది. కార్డు బిల్లులో మినిమమ్ డ్యూ, అంటే ఆ నెలకి కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రం కట్టి హమ్మయ్య అనుకుంటే, మిగతా బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది, కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా సాధారణంగా పోతుంది అని. దాని కింద ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు కొట్టి, పక్కన ‘జనం ఎంత అమాయకులో!’ అని రాసుకున్నాను. నిద్ర ముంచుకొస్తుంటే చేతికందిన కాగితం ఏదో మడిచి ఆ పేజీలో పెట్టి పడుకున్నాను.

పది రోజుల తర్వాత మా ఆవిడ పుస్తకం దులిపితే ఆ కాగితం జారిపడింది. నేను ప్రింటు తీసిపెట్టుకున్న కార్డు బిల్లు. గడువు దాటి ఐదు రోజులైంది. మినిమమ్ డ్యూ కట్టే అమాయకులు నాకంటే నయం, వాళ్ళు అదైనా కడతారు.

“నెలకి 3 శాతం అని ఉంది. 72ని 3తో భాగిస్తే ఎంతండీ?”

“24.”

“ఏళ్ళా?”

“...నెలలు.”

పరువు దక్కించుకోవాలని బ్యాంకుకి ఫోన్ చేశాను. “చూడమ్మా, నా డిపాజిట్ మీ బ్యాలెన్స్ షీట్‌లో అప్పు కిందే ఉంటుంది. అంటే నాకు బాకీ ఉన్నది మీరు. బాకీ ఉన్నవాళ్ళు ఇచ్చినవాడికి లేట్ ఫీజు వెయ్యడమేంటి?” అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. “సర్, డిపాజిట్ల విభాగం వేరండీ. లేట్ ఫీజుతో కలిపి మొత్తం చెప్పమంటారా?” అంది.

చెప్పమన్నాను. కట్టేశాను.

ఆ రాత్రి పుస్తకం తెరిస్తే ఎక్కడిదాకా చదివానో గుర్తు రాలేదు, గుర్తు కాగితం మా ఆవిడ జప్తు చేసింది మరి. సరే, మొదటినుంచీ చదువుదామని తిరగేశాను. మొదటి అధ్యాయం ‘బిల్లులు గడువులోగా కట్టడం ఎలా’. పిల్లలకి రాసినట్టుందని అప్పుడు దాటేసింది ఇదే.