ఫోన్ కూడా పోతే?
పాస్‌పోర్ట్‌ను ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకుంటే ఒంటరి ప్రయాణంలో టెన్షన్ అక్కర్లేదని మీ వ్యాసంలో రాశారు. పాస్‌పోర్ట్ ఉన్న చేతి బ్యాగుతో పాటు ఫోన్ కూడా పోతే? హనుమకొండలో ఉండే మా అక్క కొడుక్కి వియత్నాంలో రాత్రి బస్సులో అదే జరిగింది. ఆ ఫొటో కోసం వేరేవాళ్ల ఫోన్‌లో మెయిల్ తెరుద్దామంటే ఓటీపీ పోయిన సిమ్‌కే వస్తుందాయె. నయం, పాస్‌పోర్ట్ జిరాక్స్ కాపీ బట్టల బ్యాగులో ఉంది. అది చూపించే పోలీసు రిపోర్టు రాయించుకున్నాడు. హనోయ్‌లోని మన ఎంబసీ పాస్‌పోర్ట్ బదులు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది గానీ, దాంతో ఇండియాకే రావాలి, పక్కనున్న కంబోడియాకు పోతానంటే కుదరదు. పైగా వియత్నాం దాటడానికి అక్కడి ఇమిగ్రేషన్ దగ్గర ఎగ్జిట్ వీసా తీసుకోవాలి. ఈ తిరుగుడుకు పట్టే రోజుల హాస్టల్ ఖర్చును ఎవరూ ముందు లెక్కేసుకోరు. కార్డులన్నీ ఒకే పర్సులో పెట్టుకుని పోయేవాళ్లకైతే మరీ కష్టం.