మహారాజశ్రీ నూరు గారికి, అంబత్తూరు నుంచి

అయ్యా,

చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటులో, రేకుల్ని అచ్చుల్లో (డైల్లో) నొక్కే ఒక ప్రెస్‌షాపులో హాజరుపట్టీ (మస్టరు) రాసుకునే గుమాస్తా నమస్కరించి రాసేది. ఫ్యాక్టరీలో ఎంతమంది ఉంటే మనుషుల్ని తీసెయ్యడానికి సర్కారు అనుమతి కావాలో చెప్పిన అంకె మీరు. చట్టంలోంచి మీకు ఉద్వాసన అయిందని తెలిసి పలకరిద్దామని ఈ ఉత్తరం. మూడు నెలల ముందు నోటీసిచ్చారా? ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున లెక్కకట్టి చేతిలో పెట్టారా? అడక్కూడదేమో, కానీ ఆ లెక్కలు మీ చట్టంలోవే కదా.

పారిశ్రామిక వివాదాల చట్టంలో అయిదో-బి అధ్యాయం వచ్చింది 1976లో. అప్పట్లో గీత 300 మంది దగ్గర. 1982 సవరణతో ఆ గద్దె మీకు దక్కింది. నూరుమంది ఉన్న ఫ్యాక్టరీలో పని లేదని ఒక్కణ్ణి తీసెయ్యాలన్నా, గేటుకు తాళం వెయ్యాలన్నా సర్కారు అనుమతి కావాల్సొచ్చేది. ఇప్పుడు పారిశ్రామిక సంబంధాల కొత్త కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకొచ్చి మళ్ళీ 300 అంది. మీ వల్లే ఈ దేశంలో ఫ్యాక్టరీలు ఎదగలేదని ఆర్థికవేత్తలు కొందరు ఏళ్ళ తరబడి దుమ్మెత్తిపోశారు. మా ఓనరు గారు కూడా శనీశ్వరుడికి భయపడనంతగా మీకు భయపడ్డారు. అందుకే మా మస్టరు తొంభై ఎనిమిది దాటలేదు. ఒకరు రిటైరైతే ఒకర్నే వేస్తాం.

ఎదగలేదన్నది మాత్రం అబద్ధం. షాపులో మనుషులు పెరుగుతూనే ఉన్నారు, మస్టరులో కనబడరంతే. ఆరో నంబరు ప్రెస్సు దగ్గరికొచ్చి చూడండి. డై సెట్ చేసే ఆయనది నీలం చొక్కా, పర్మనెంటు. రేకు పెట్టి పెడలు తొక్కే కుర్రాడిది బూడిదరంగు చొక్కా, కాంట్రాక్టు. ఇద్దరి చేతులకూ ఒకటే నూనె, ఇద్దరి చెవుల్లోనూ ఒకటే మోత, క్యాంటీనులో ఒకటే సాంబారు. జీతం దగ్గరికొచ్చేసరికి సగానికి సగం తేడా. ఆ కుర్రాడిది టెక్కలి. ఏడేళ్ళుగా అదే స్టూలు. కాగితాల మీద మాత్రం ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గర పనిచేశాడు. అయిదేళ్ళు నిండితే గ్రాట్యుటీ ఇవ్వాలి కదండీ, నిండకముందే బోర్డు మీద పేరు మారిపోతుంది. కాంట్రాక్టు కార్మికుల చట్టం ఇరవై మంది దగ్గర మొదలయ్యేది గనక ఒక్కో కాంట్రాక్టరు కింద పంతొమ్మిదేసి మందిని రాసే విద్య కూడా నాకు అబ్బింది. ఆ ఇరవైని ఇప్పుడు యాభై చేశారు. నాకు రాతకోతలు తగ్గాయి. దేశం మొత్తం మీద ఫ్యాక్టరీ కార్మికుల్లో నూటికి నలభైమందికి పైనే ఈ బూడిద చొక్కాలు.

ఇక సమ్మె సంగతి. మాకు దగ్గరే పెరంబూరు. 1918లో అక్కడ మద్రాసు లేబర్ యూనియన్ పుట్టేనాటికి ట్రేడ్ యూనియన్ల చట్టమే లేదు. అక్కడి బట్టల మిల్లు ఆగితే దొరకు రోజుకింత నష్టం, కూలీ ఇంట్లో రోజుకింత పస్తు. ఎవరు ముందు దిగొస్తారన్నదే బేరం. మా దగ్గర నీలం చొక్కాలు గేటు బయట కూర్చుంటే బూడిద చొక్కాలతో ప్రెస్సు నడుస్తూనే ఉంటుంది. నష్టం లేని ఓనరుతో ఎవరు ఏం బేరమాడతారు? మీ నుంచి తప్పించుకోవడానికి తెచ్చిన ఏర్పాటు సమ్మెకు కూడా విరుగుడైంది. ఒక ఖర్చు, రెండు లాభాలు.

మొన్న నేనే ధైర్యం చేసి అడిగాను. "సార్, నూరు పోయి మూడువందలు వచ్చింది కదా, ఆ టెక్కలి అబ్బాయిని మస్టరులోకి తీసుకుందామా?" ఓనరు గారు వింతగా చూశారు. "ఎందుకయ్యా, బాగానే నడుస్తోందిగా!"

ఇన్నాళ్ళూ ఆయన భయపడింది మీకేనా అని నాకు అనుమానం.

శ్రీపెరుంబుదూరు శాంసంగ్ కార్మికులు 2024లో జీతాలతోపాటు యూనియన్ గుర్తింపు కోసం 37 రోజులు సమ్మె చేశారు. కొత్త కోడ్ వచ్చాక, ఇకమీదట ఏ ఫ్యాక్టరీలోనైనా సమ్మెకు ముందు పద్నాలుగు రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక లేబర్ ఆఫీసులో రాజీ చర్చలకు పిలుస్తారు. చర్చలు మొదలైతే సమ్మె చెయ్యకూడదు.

ఇట్లు,
మీ మస్టరు గుమాస్తా

తా.క.: కూడబలుక్కుని సగంమంది ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా కొత్త కోడ్ ప్రకారం అది సమ్మేనట. భోగి ముందురోజు మా వాళ్ళలో సగానికి పైగా సూళ్లూరుపేట లోకల్ ఎక్కేస్తారు. కూడబలుక్కోవడం ఏమీ ఉండదు, అందరికీ ఉన్నది ఆ ఒక్క బండే. మస్టరులో ఏమని రాయమంటారు?