‘మందు ఎవరికి పడుతుందో ముందే తెలిసిపోతుంది’ అనే సందేశానికి జవాబు

ఒకే సందేశం ఈ వారంలో నాలుగోసారి నా ఫోనుకు వచ్చింది. ఈసారి పంపినవారు స్వయంగా డాక్టరు కావడంతో జవాబు రాయక తప్పడం లేదు. సందేశం చెప్పేది ఇది: ఓపియాయిడ్ (హెరాయిన్, మార్ఫిన్ జాతి మత్తుపదార్థాలు, నొప్పి మాత్రలు) వ్యసనానికి ఇచ్చే మందు ఎవరికి పనిచేస్తుందో జన్యు పరీక్ష ముందే చెప్పేస్తుంది, ఆ మందు కూడా ఒక మత్తే, నెల తిరిగినా ఓపియాయిడ్ల వాడకం మానని వారికి దాన్ని ఆపేయాలి.

2023 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన జన్యు పరీక్ష, నొప్పికి ఓపియాయిడ్ మాత్రలు మొదలుపెట్టబోయే మనిషికి వ్యసనపు ముప్పు ఎంత ఉందో 15 జన్యు భేదాలను బట్టి అంచనా వేయడానికి ఉద్దేశించినది. అది ఆ పనైనా సరిగా చేస్తుందా అని నిపుణులే సందేహించారు. వ్యసనంలో ఉన్న మనిషికి చికిత్సగా ఇచ్చే మందుల్లో బ్యూప్రెనార్ఫిన్ పడుతుందా, మెథడోన్ పడుతుందా అని దాన్ని అడగడం బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమే.

రెండో వాదానికి ఒక వాక్యం చాలు: సరైన డోసు మీద ఉన్నవారు మత్తులో తూగరు, లేచి పనికి వెళ్తారు.

అసలు ప్రమాదం మూడోదానిలో ఉంది. చికిత్స తొలి వారాల తీరు ముందుముందు ఏమవుతుందో జాడ చెబుతుందన్నది మాత్రం నిజమే. దాన్ని నేను చాలాకాలం కొట్టిపారేశాను, పొరపాటు నాదే. అమెరికాలో 653 మందితో జరిగి 2011లో వెలువడిన బ్యూప్రెనార్ఫిన్ అధ్యయనపు వివరాలను తర్వాత పరిశీలిస్తే, మొదటి రెండు వారాల్లోనూ ఓపియాయిడ్లు వాడినవారిలో పన్నెండో వారానికి గట్టెక్కినవారు చాలా కొద్దిమందే. కానీ వాన వస్తుందని చెప్పినవాడు గొడుగు లాక్కుపోతాడా? తొలి వారాలు బాగాలేకపోతే డోసు పెంచాలి, లేదా మందు మార్చాలి. మెథడోన్ రోజుకు 60 మిల్లీగ్రాముల లోపే ఇస్తే చికిత్సలో నిలిచేవారు తగ్గుతారని ఎప్పుడో తేలింది; 40 దగ్గర ఆగిపోయి ‘ఈయనకు మందు పడదు’ అని తీర్పు చెప్పేవారి ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

ఆపేస్తే ఏమవుతుందో కూడా అదే అధ్యయనం చెప్పింది. బ్యూప్రెనార్ఫిన్ వాడుతున్నప్పుడు 49 శాతం మంది మెరుగ్గా ఉండగా, మందు తగ్గించి ఆపిన ఎనిమిది వారాలకు ఆ సంఖ్య 9 శాతానికి పడిపోయింది. మెథడోన్ విషయంలో 2017 నాటి ఒక సమీక్ష ప్రకారం, ఏడాదికి వెయ్యి మందిలో మరణాలు చికిత్సలో ఉన్నప్పుడు సుమారు 11, బయటపడ్డాక 36. అందులోనూ మానేసిన తొలి నాలుగు వారాలే మరీ గడ్డుకాలం.

ఇంతకీ సందేశం చెప్పినట్టే చేస్తే దాని జోస్యం నూటికి నూరుపాళ్లూ ఫలిస్తుంది, ఎందుకంటే నెలకే మందు ఆపేసిన ఆ రోగులు బాగుపడకపోవడానికి ఏర్పాటు చేసింది మనమే.