జార్జియా ఓటరు మళ్లీ ఎందుకు వరుసలో నిలబడాలి?

2020 నవంబర్ 3న జార్జియా రాష్ట్రంలో జరిగిన అమెరికా సెనేట్ ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి డేవిడ్ పెర్డ్యూకు 49.7 శాతం, డెమొక్రాట్ జాన్ ఆసఫ్‌కు దాదాపు 48 శాతం ఓట్లు వచ్చాయి. మన దగ్గరైతే లెక్కింపు ముగియగానే పెర్డ్యూ మెడలో దండ పడేది. కానీ పోలైన ఓట్లలో సగానికి మించి రానిదే జార్జియా చట్టం ఎవరినీ విజేతగా ప్రకటించదు. మూడో పార్టీ అయిన లిబర్టేరియన్ అభ్యర్థికి రెండు శాతం పైచిలుకు ఓట్లు పడడంతో 2021 జనవరి 5న రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్యే మళ్లీ పోలింగ్, జరిగింది. ఈసారి ఆసఫ్ గెలిచారు. జానీ ఐజాక్సన్ రాజీనామాతో ఖాళీ అయిన రెండో స్థానాన్ని అదే రోజు డెమొక్రాట్ రఫాయెల్ వార్నాక్ గెలుచుకున్నారు. సెనేట్‌లో బలాబలాలు 50-50 కావడంతో, ఉపాధ్యక్షురాలిగా కమలా హ్యారిస్‌కు ఉండే నిర్ణాయక ఓటు ఆధారంగా డెమొక్రాట్లకు ఆధిక్యం దక్కింది.

ఈ నిబంధన పుట్టుక అంత గౌరవప్రదమైనది కాదు. జనాభాతో నిమిత్తం లేకుండా గ్రామీణ కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) పెద్దపీట వేసిన పాత 'కౌంటీ యూనిట్' పద్ధతిని 1963లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. మరుసటి ఏడాదే సగానికి మించిన మెజారిటీ నిబంధన వచ్చింది. తెల్లవారి ఓట్లు చీలిపోయి, నల్లజాతి ఓటర్లు గంపగుత్తగా బలపరిచిన అభ్యర్థి తక్కువ ఓట్లతోనే గెలుస్తాడేమోనన్న భయం దాని వెనుక ఉంది. అదే నిబంధన కింద జార్జియాకు తొలి నల్లజాతి సెనేటర్‌గా వార్నాక్ ఎన్నికయ్యారు కాబట్టి పాత మచ్చ చెరిగిపోయిందని నేను అనను. ఓటర్లలో సగానికి మించినవారి ఆమోదం కావాలన్న సూత్రంతో నాకు పేచీ లేదు. దాన్ని తెలుసుకోవడానికి మరో పోలింగ్ రోజు పెట్టడమే నా అభ్యంతరం.

2008లో ఇదే రాష్ట్రంలో సెనేట్‌కు పోటీ చేసిన రిపబ్లికన్ సాక్స్‌బీ చాంబ్లిస్ తొలి విడతలో 49.8 శాతం దగ్గర ఆగిపోయారు. నవంబర్‌లో 37 లక్షల మందికి పైగా ఓటేస్తే, డిసెంబర్ రనాఫ్‌కు వచ్చినవారు సుమారు 21 లక్షలే. దేశమంతా జార్జియా వైపే చూసిన ఎన్నికల్లో తగ్గుదల ఇంతగా లేదన్నది నిజమే. అయినా 2022లో వార్నాక్, రిపబ్లికన్ హెర్షల్ వాకర్ పోటీలో రెండు విడతల మధ్య దాదాపు నాలుగు లక్షల ఓట్లు తగ్గాయి. చివరికి గెలుపు తేడా లక్షలోపే.

పైగా 2021లో తెచ్చిన ఎన్నికల చట్టం రెండు విడతల మధ్య గడువును తొమ్మిది వారాల నుంచి నాలుగు వారాలకు కుదించింది. ఓటరు నమోదుకు పోలింగ్‌కు దాదాపు నెల ముందే గడువు ముగుస్తుంది గనుక, తొలి విడత ఫలితం చూశాక కొత్తగా పేరు నమోదు చేసుకుందామనుకున్నవారికి దారి మూసుకుపోయింది. ముందస్తు ఓటింగ్ రోజులూ తగ్గిపోయి, 2022 రనాఫ్‌లో అట్లాంటా చుట్టుపక్కల గంటల తరబడి వరుసలు కనిపించాయి. గంటకింత అని కూలి తీసుకునే మనిషి ఒకే పదవి కోసం రెండోసారి పని మానుకుని రావాలంటే ఆ నష్టం అతని జేబు మీదే పడుతుంది. జీతం కోతపడని ఉద్యోగికి ఆ ఇబ్బంది లేదు.

దీనికి మందు మన తెలుగువాళ్లకు కొత్త కాదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో పోలింగ్ అధికారి ఇచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నుతో నచ్చినవారి పేర్ల ఎదుట 1, 2, 3 అంకెలు వేస్తాం. ఎవరికీ సగానికి మించి రాకపోతే అట్టడుగున ఉన్నవారిని తొలగిస్తూ, వారి ఓట్లను తర్వాతి ప్రాధాన్యత ప్రకారం పంచుతారు. ఓటరు మళ్లీ రానక్కరలేదు. ఇబ్బందులు లేవని కాదు. 2021 మార్చిలో నల్గొండ-ఖమ్మం-వరంగల్ స్థానానికి 71 మంది పోటీ చేస్తే లెక్కింపు రోజుల తరబడి సాగింది. అంకె బదులు టిక్కు పెట్టినందుకు డిగ్రీ చదివినవారి ఓట్లు కూడా చెల్లకుండా పోతుంటాయి. అయితే జార్జియాలో నవంబర్ బ్యాలెట్‌పై సాధారణంగా ఇద్దరు ముగ్గురు అభ్యర్థులే ఉంటారు. ఆ కాస్త జాబితాకు అంకెలు వేయడం ఎవరికీ భారం కాదు. మెయిన్, అలాస్కా రాష్ట్రాలు సెనేట్ ఎన్నికల్లో కూడా ఈ పద్ధతిని అనుసరిస్తున్నాయి.

అసలు జార్జియాకూ ఇది తెలియనిది కాదు. రనాఫ్ గడువును కుదించిన ఆ 2021 చట్టమే, విదేశాల్లో ఉన్న సైనికులకు, పౌరులకు ప్రాధాన్యతా క్రమంలో అంకెలు వేసే బ్యాలెట్‌ను ఇచ్చింది. నాలుగు వారాల్లో రెండో బ్యాలెట్ వారికి చేరి తిరిగి రావడం కష్టమని శాసనసభే ఒప్పుకుంది. జర్మనీలోని స్థావరంలో ఉన్న సైనికుడు ఒకేసారి అంకెలు వేసి పంపితే అతని రెండో అభిప్రాయం లెక్కకు వస్తుంది. అదే కుటుంబానికి చెందిన అతని తల్లి మాత్రం డిసెంబర్ చలిలో మళ్లీ పోలింగ్ కేంద్రానికి వెళ్లాలి. గ్విన్నెట్, ఫోర్సైత్ కౌంటీల్లో స్థిరపడి పౌరసత్వం తీసుకున్న మన తెలుగు కుటుంబాలదీ అదే పరిస్థితి. సైనికుడి విషయంలో సరిపోతుందనుకున్న బ్యాలెట్ అతని తల్లికి ఎందుకు సరిపోదో ఆ శాసనసభ ఇంతవరకు చెప్పలేదు.