జైలు నుంచి బయటికొచ్చిన మొదటి రెండు వారాలు

మత్తుకు బానిసైనవాణ్ణి నాలుగు నెలలు లోపల వేస్తే అలవాటు దానంతటదే వదిలిపోతుందని మన దగ్గర చాలామంది నమ్మకం. విసిగిపోయిన తల్లిదండ్రుల నోటా ఈ మాట వింటుంటాం. డ్రగ్స్ కేసుల ప్రెస్‌మీట్లు చూడండి. ఎన్ని కిలోలు పట్టుకున్నారు, ఎంతమందిని అరెస్ట్ చేశారు అన్నదే వార్త. ఆ అరెస్టయినవాళ్లు బయటికొచ్చాక ఏమయ్యారో పోలీసులు చెప్పరు, విలేకరులూ అడగరు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పరిశోధకులు ఆ లెక్క తీశారు. 1999 నుంచి 2003 వరకు అక్కడి జైళ్ల నుంచి విడుదలైన 30,237 మంది వివరాలను మరణాల రికార్డులతో పోల్చి చూశారు. 2007లో వెలువడిన ఫలితం భయపెట్టేలా ఉంది. విడుదలైన మొదటి రెండు వారాల్లో వాళ్లు చనిపోయే ప్రమాదం బయటి మామూలు జనంతో పోలిస్తే 12.7 రెట్లు ఎక్కువ. మత్తుమందు మోతాదు మించి చనిపోయే ప్రమాదమైతే ఏకంగా 129 రెట్లు.

కారణం సులభంగానే అర్థమవుతుంది. హెరాయిన్ లాంటి మందులు రోజూ తీసుకునేవాడి శరీరం పెద్ద మోతాదుకు అలవాటు పడి ఉంటుంది. జైల్లో సరుకు దొరక్కపోతే కొన్ని వారాల్లోనే ఆ తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మెదడులోని తపన మాత్రం అలాగే ఉంటుంది. బయటికొస్తే పని లేదు, ఇంట్లోవాళ్లు మాట్లాడరు, పాత స్నేహితులే దగ్గరికి రానిస్తారు. వాళ్ల దగ్గర పాత మోతాదే మళ్లీ తీసుకుంటాడు. ఊపిరి మందగించి ఆగిపోతుంది. జైలు వాడి వ్యసనాన్ని ముట్టుకోలేదు, తట్టుకునే బలాన్ని మాత్రం లాగేసింది. దీన్ని చికిత్స అని ఎలా అనగలం?

అసలు చికిత్స ఇస్తే ఏమవుతుందో రోడ్ ఐలాండ్ చూపించింది. విస్తీర్ణంలో అమెరికాలోకెల్లా చిన్న రాష్ట్రం అది. జైళ్లన్నీ ఒకే వ్యవస్థ కింద ఉంటాయి. 2016లో అక్కడ ఒక నిర్ణయం తీసుకున్నారు. లోపలికి వచ్చే ప్రతి ఒక్కరినీ వ్యసనం కోసం పరీక్షించాలి, అవసరమైనవారికి మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్‌లలో సరిపడే మందు ఇవ్వాలి, బయటికి వెళ్లాక అదే మందు ఆగకుండా అందేలా చూడాలి. వీటిలో మొదటి రెండూ హెరాయిన్ కోవలోవే అయినా, డాక్టరు ఇచ్చే మోతాదులో తపనను అణిచి ఉంచుతాయి. మూడోది హెరాయిన్ ప్రభావాన్ని అడ్డుకుంటుంది. ఆ రాష్ట్రంలో 2016 మొదటి ఆరు నెలల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయిన 179 మందిలో 26 మంది ఏడాదిలోపు జైలు నుంచి వచ్చినవాళ్లే. 2017 మొదటి ఆరు నెలల్లో 157 మంది చనిపోతే, అలాంటివాళ్లు 9 మంది. ఇంగ్లండ్‌లోనూ ఇదే కనిపించింది. జైల్లో ఇలాంటి మందులు తీసుకుంటూ విడుదలైనవారిలో మొదటి నెల మరణాలు, మందు లేకుండా వచ్చినవారితో పోలిస్తే 75 శాతం తక్కువని 2017లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అలవాటు చేయడమే కదా అని కొందరంటారు. జైల్లో ఈ మాత్రలు చేతులు మారతాయన్న భయమూ ఉంది. అది నిజమైన సమస్యే, అందుకే సిబ్బంది కళ్లెదుట మందు వేయించే పద్ధతి ఉంది. రోడ్ ఐలాండ్ అంకెలు చిన్నవన్నదీ ఒప్పుకోవాల్సిందే. కానీ డాక్టరు నిర్ణయించిన మోతాదులో మందు వేసుకుని పనికి వెళ్లేవాణ్ణీ, సందు చివర సూదితో పడి ఉన్నవాణ్ణీ ఒకే గాటన కట్టలేం. షుగర్ పేషెంటును జైల్లో పెట్టినప్పుడు శిక్షలో భాగంగా ఇన్సులిన్ ఆపేస్తామా? మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి.

మన దేశానికి ఇదేం కొత్త కాదు. తీహార్ జైల్లో 2008లోనే బ్యూప్రెనార్ఫిన్ చికిత్స మొదలైంది. 2019లో ఎయిమ్స్ వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం నల్లమందు, హెరాయిన్ లాంటి ఓపియాయిడ్ల వల్ల సాయం అవసరమైన స్థితికి చేరినవారు సుమారు 77 లక్షలు. మన తెలుగు రాష్ట్రాల్లో కేసులు ఎక్కువగా గంజాయివి, దానికి ఇలాంటి ప్రత్యామ్నాయ మందు లేదు. అక్కడ కౌన్సెలింగ్, మానసిక వైద్యం కావాలి. అవి మన జైళ్లలో ఎంతమందికి అందుతున్నాయో ప్రభుత్వాలు చెప్పాలి.

మత్తుమందులను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కూడా దారి మూసేయలేదు. చిన్న మోతాదు కేసులోనో, వాడిన కేసులోనో ఇరుక్కున్న వ్యసనపరుడు తానుగా గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు చేరితే, 64ఎ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు ఉంది. శిక్షకు బదులు చికిత్సకు పంపే అధికారాన్ని 39వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. కానీ 39 పనికొచ్చేది నేరం రుజువయ్యాకే. 2022 చివరి నాటికి మన జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి తీర్పే రాలేదు. చికిత్స గురించి కోర్టు ఆలోచించే రోజు వచ్చేసరికి జైలు తన పని చేసేసి ఉంటుంది.

నా కోపం ఇక్కడే. తాగుడైనా, మతిస్థిమితం తప్పడమైనా, రోడ్డు మీద పడుకోవడమైనా, మత్తుమందులైనా, ప్రభుత్వానికి మొదట గుర్తొచ్చేది పోలీస్ స్టేషనే. డ్రగ్స్ మీద పోరుకు ఆంధ్రప్రదేశ్‌లో ఈగల్ అనే ప్రత్యేక పోలీసు విభాగం ఉంది, తెలంగాణలో నార్కోటిక్స్ బ్యూరో పేరు కూడా 2025లో ఈగల్‌గా మారింది. అమ్మేవాళ్లను పట్టుకోవడానికి అవి కావాలి. కానీ వాడేవాడి రోగం చూసేందుకు అదే పట్టుదల, అదే బడ్జెట్ ఏవి? పోలీసుకు డాక్టరు పని అప్పజెప్పడం పోలీసుకూ అన్యాయమే.

జైళ్లు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల చేతిలోని అంశం. ఢిల్లీ వైపు చూడక్కర్లేదు. చంచల్‌గూడలోనో, రాజమహేంద్రవరంలోనో మొదలుపెట్టవచ్చు. లోపలికి వచ్చిన రోజే వ్యసన పరీక్ష చేయాలి, అవసరమైతే మందు వెంటనే మొదలవ్వాలి. విడుదల రోజున చేతిలో దగ్గరి డీ అడిక్షన్ కేంద్రం అపాయింట్‌మెంట్, అక్కడికి చేరేదాకా సరిపడే మందు ఉండాలి. విడుదలైన నెలలోపు ఎవరెవరు ఏ కారణంతో చనిపోయారో జైళ్ల శాఖ ఏటా అసెంబ్లీ ముందు పెట్టాలి.